చేతిరాత, టైపు కలిసిన కట్ట దిద్దాలంటే

డిగ్రీ పిల్లలకి తెలుగు వ్యాసం అసైన్‌మెంట్ ఇస్తే సగం మంది చేత్తో రాసి తెస్తారు, మిగతావాళ్లు నెట్ సెంటర్లో టైపు చేయించి ప్రింటు పట్టుకొస్తారు. టైపు చేసినవాళ్లకే మార్కులు ఎక్కువ పడతాయని కొత్త లెక్చరర్ల భయం. జరిగేది చాలాసార్లు దానికి ఎదురు. టోఫెల్, జీఆర్ఈ నడిపే ఈటీఎస్ పరిశోధకులు 1994లో అవే వ్యాసాలను రెండు రూపాల్లోనూ దిద్దించి చూస్తే, చేతిరాతకే మార్కులు ఎక్కువ పడ్డాయి.

ఎందుకో మన కట్టలోనే కనిపిస్తుంది. చేతిరాతలో 'విద్యార్థి' అని ఉంటే 'థ' కడుపులో చుక్క పెట్టాడో లేదో తేలదు. పెట్టే ఉంటాడని ముందుకెళ్తాం. టైపులో 'విద్యార్ధి' అని పడితే మాత్రం ఎర్ర పెన్ను దానంతటదే కదులుతుంది. పైగా చేతిరాతలో నాలుగు పేజీలు నిండిన విషయం టైపులో ఒకటిన్నర పేజీకి కుదించుకుపోయి, 'ఇంతేనా రాసింది' అనిపిస్తుంది.

అందుకని నిడివి పేజీల్లో కాదు, పదాల్లో చెప్పండి. టైపు చేసేవాళ్లని వరుసల మధ్య రెట్టింపు ఎడం పెట్టమనండి. దిద్దేవాళ్లని ముందే హెచ్చరించి, ఈ ఎడం కూడా పెడితే తేడా తగ్గిందని ఆ పరిశోధకులే చూశారు.

పేర్లు మడిచేసి, మొదటి చదువులో విషయానికే మార్కు వేయండి, అదీ పెన్సిల్‌తో. అక్షరదోషాలు రెండో చదువులో చూసుకోవచ్చు. వాటికి ఇన్ని మార్కులేనని ముందే హద్దు పెట్టుకోండి.

గజిబిజి రాతల్ని సాయంత్రానికి మిగల్చకండి. కళ్లు అలిసిపోయాక ఆ విసుగంతా మార్కుల్లో దిగుతుంది. పొద్దున్నే, వీలైతే పైకి చదువుతూ దిద్దండి. అందమైన దస్తూరీకి మార్కివ్వాలని ఉంటే ఆ సంగతి పిల్లలకి ముందే చెప్పాలి. నేనైతే ఇవ్వను.

టైపు కాగితం చూడగానే 'ఎక్కడినుంచి దింపాడో' అనుకుంటాం. ఫోన్లో చూసి ఎక్కించినా చేతిరాతే అవుతుంది కదా! అనుమానం వస్తే ఎవరినైనా పిలిచి రెండు ప్రశ్నలడగండి, టైపు చేసినవాళ్లని మాత్రమే కాదు.

ఆఖర్న ఒకే మార్కు పడ్డ కాగితాలు రెండు రకాల్లోంచీ మూడేసి తీసి పక్కపక్కన పెట్టి చదవండి. ఒక రకం సరుకు మెరుగ్గా ఉందనిపిస్తే మార్కులు పెన్సిల్లోనే ఉన్నాయి, ఆ రకం కాగితాలన్నీ ఇంకోసారి చూసి సవరించి, అప్పుడు పెన్ను తీయండి.