స్పానిష్ మాట్లాడేవారికి ఇంగ్లిష్ ఉచ్చారణ: ఏది ముందు, ఎలా సాధన చేయించాలి

స్పానిష్ మాతృభాష అయినవారికి ఇంగ్లిష్ నేర్పేటప్పుడు చాలామంది ‘థింక్’లోని మొదటి ధ్వని పట్టుకుని కూర్చుంటారు. దాన్ని ఆఖరికి ఉంచండి. అది కాస్త తప్పినా మాట సాధారణంగా అర్థమవుతుంది. అచ్చులు, పదం చివరి హల్లులు, ఊనిక (మాటలో ఒక అక్షరాన్ని నొక్కి పలకడం) తప్పితే మాత్రం ఎదుటివారికి వేరే మాట వినబడుతుంది.

స్పానిష్‌లో ఉన్నవి ఐదే అచ్చులు. హ్రస్వ దీర్ఘాల తేడా లేదు. అందుకే ‘షిప్’, ‘షీప్’ వారి చెవికి ఒక్కటే. ‘దీర్ఘం తీయండి’ అని చెప్పి వదిలేస్తే సగమే కుదురుతుంది, ఎందుకంటే తేడా నిడివిలో మాత్రమే కాదు. ‘షీప్’కి పెదవులు సాగాలి, నాలుక పైకి లేవాలి. ‘షిప్’కి నాలుక కొంచెం దిగాలి, పెదవులు వదులుగా ఉండాలి.

పలికించే ముందు వినిపించండి. మీ నోరు కనబడకుండా కాగితం అడ్డం పెట్టుకుని, ఈ రెండు మాటల్లో ఏదో ఒకటి వరుస లేకుండా పదిసార్లు చెప్పండి. ‘షిప్’ అయితే వారు ఒక వేలు, ‘షీప్’ అయితే రెండు వేళ్లు చూపించాలి. ఎనిమిదైనా సరిగ్గా వచ్చాకే పలకడానికి వెళ్లండి. చెవికి అందని తేడాను నోరు సొంతంగా దిద్దుకోలేదు. ఒక్క గొంతుకే అలవాటు పడకుండా ముగ్గురు నలుగురి రికార్డింగులు వాడండి. తర్వాత పాత్రలు మార్చుకోండి: వారు చెబుతారు, మీకు ఏది వినబడితే ఆ వేలు మీరు చూపిస్తారు. ‘ఫుల్–ఫూల్’, ‘క్యాట్–కట్’ జంటలకూ ఇదే పద్ధతి.

‘స్కూల్’ని ‘ఎస్కూల్’ అనడం నిర్లక్ష్యం కాదు. స్పానిష్ మాటలేవీ స్ పక్కన ఇంకో హల్లుతో మొదలవవు, ముందు ఒక అచ్చు, ఎక్కువగా ఎ, ఉండి తీరుతుంది. ‘మై స్కూల్’ని ‘మైస్–కూల్’ అని విడగొట్టి పలికించండి. స్ ముందు మాటకు అతుక్కుంటే ఎ దూరడానికి చోటుండదు. అది నిలిచాక ‘మై’ తీసేసి, గొంతు మీద వేలు పెట్టుకుని రెండు సెకన్లు ‘స్‌స్‌స్’ అనిపించి, ఆపకుండా ‘కూల్’లోకి వెళ్లమనండి. స్ దగ్గర గొంతు అదిరిందంటే ఎ దూరినట్టే.

పదం చివరి మ్ తరచు న్‌గా మారుతుంది: ‘సమ్’ కాస్తా ‘సన్’. పెదవులు మూసి ఒక సెకను అలాగే ఉంచమనండి. భూతకాలపు ‘వర్క్ట్’ని రాత చూసి ‘వర్కెడ్’ అని చదువుతారు. ట్ లేదా డ్‌తో ముగిసే క్రియలకే అదనపు అక్షరం వస్తుంది: ‘వాంటెడ్’, ‘నీడెడ్’.

ప్, ట్, క్ మాట మొదట్లో వస్తే గాలి బుస్సుమని రావాలి. లేకపోతే ‘పిన్’ ‘బిన్’గా వినబడుతుంది. నోటికి ఐదు సెంటీమీటర్ల దూరంలో పలుచటి కాగితం పట్టుకుంటే అది కదలాలి. తెలుగు ప కూడా కాగితాన్ని పెద్దగా కదిలించదు, కాబట్టి ఈ పరీక్ష ముందు మీరు పాసవ్వండి. ‘స్పిన్’లో మాత్రం కాగితం కదలకూడదు.

కొన్ని ధ్వనులు వారి నోట్లో ముందే ఉన్నాయి. స్పానిష్‌లో ‘నాదా’ (ఏమీ లేదు) అనేటప్పుడు మధ్యలో వచ్చే మెత్తటి ద, ‘మదర్’కి సరిపోతుంది. ‘పెరో’ (కానీ) అనే స్పానిష్ మాటలోని ర, అమెరికన్ ‘వాటర్’ మధ్యలో వచ్చే ధ్వనికి పనికొస్తుంది. ‘యెస్’ ‘జెస్’ అవుతుంటే ముందు ఇ సాగదీసి ‘ఇ–యెస్’ అనిపించండి. ‘హౌస్’లో గొంతు గీరుకుంటుంటే అద్దం మీద ఆవిరి ఊదినట్టు హ అనమనండి. ‘వెరీ’కి పై పళ్లు కింది పెదవిని తాకి రాపిడి వినబడాలి.

ఊనికకు ‘బనానా’ మంచి మాట. వారు మూడు అక్షరాల్లోనూ అచ్చును నిండుగా పలుకుతారు. మధ్యదాని మీద మాత్రమే చప్పట్లు కొట్టించి, మొదటిదీ చివరిదీ నోరు పెద్దగా తెరవకుండా మింగేసినట్టు పలికించండి.

రోజుకు పదిహేను నిమిషాలు చాలు. చివర్లో ఇరవై సెకన్ల రికార్డింగు చేయించి, ఆ రోజు సాధన చేసిన ఒక్క ధ్వనినే దిద్దండి. మిగతా తప్పులు వినబడినా ఆ పూటకు వదిలేయండి.