అమెరికా నుంచి కెనడాకి వచ్చారా? ఇక్కడి ఎన్నికల ప్రచారంలోకి దిగే ముందు

హెచ్1బీ ఉద్యోగ వీసా మీద అమెరికాలో కొన్నేళ్లు ఉండి, తర్వాత పీఆర్ (శాశ్వత నివాస హోదా) తీసుకుని కెనడా వచ్చిన మనవాళ్లు చాలామంది ఇక్కడి ఎన్నికల్ని కూడా అమెరికా లెక్కలోనే చూస్తారు, ఇంకా బోలెడు టైముంది కదా అనుకుంటారు, ఈలోపు పోలింగే అయిపోతుంది. అక్కడ 2024 నవంబరు ఎన్నికకి ట్రంప్ 2022 నవంబరులోనే పోటీ ప్రకటించారు. ఇక్కడ ఫెడరల్, అంటే దేశ పార్లమెంటు ఎన్నికల ప్రచారానికి చట్టం ఇచ్చేదే 37 నుంచి 51 రోజులు. 2025లో మార్చి 23న ఎన్నిక ప్రకటించారు, ఏప్రిల్ 28న ఓట్లు పడ్డాయి. అందుకే వాలంటీరుగా చేయాలనుంటే, ప్రకటన వచ్చిన వారంలోనే అభ్యర్థి ఆఫీసుకి వెళ్లి పేరు రాయించుకోండి. పీఆర్ మీద ఓటు లేకపోయినా ప్రచారంలో పనిచేయొచ్చు.

ముందుగా మీ రైడింగ్ ఏదో తెలుసుకోండి. రైడింగ్ అంటే నియోజకవర్గమే, ఎలక్షన్స్ కెనడా సైట్‌లో పోస్టల్ కోడ్ కొడితే చెబుతుంది. మొత్తం 343. ప్రధానికి నేరుగా ఎవరూ ఓటు వేయరు, మన లోక్‌సభ ఎన్నికల్లాగే ఎంపీని ఎన్నుకుంటాం. 2025లో కన్జర్వేటివ్ నాయకుడు పొలియెవ్ సొంత రైడింగ్‌లోనే ఓడిపోయి, ఆగస్టులో అల్బర్టాలో ఉప ఎన్నిక గెలిచాకే పార్లమెంటుకి తిరిగొచ్చారు. కాబట్టి టీవీలో నాయకుల మాటలు వింటూ కూర్చోకుండా మీ వీధిలో తిరిగే అభ్యర్థిని పట్టుకోండి.

రంగుల దగ్గర జాగ్రత్త. అమెరికాలో ఎరుపు రిపబ్లికన్లది, నీలం డెమోక్రాట్లది. ఇక్కడ ఎరుపు లిబరల్స్‌ది, నీలం కన్జర్వేటివ్‌లది, నారింజ ఎన్‌డీపీ (న్యూ డెమోక్రటిక్ పార్టీ)ది.

ఇంటింటికీ తిరిగే పని నాకు చాలా ఇష్టం, తేడా బాగా తెలిసేదీ అక్కడే. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఓటరు నమోదులోనే పార్టీ పేరు ఉంటుంది, కాబట్టి ఏ తలుపు కొట్టాలో ముందే తెలుస్తుంది. ఇక్కడి ఓటర్ల జాబితాలో పార్టీ ఉండదు. అందుకే తలుపు తీయగానే నవ్వుతూ పేరు చెప్పి, "మా అభ్యర్థికి మీ మద్దతు ఉంటుందా?" అని సూటిగా అడగండి, వచ్చిన జవాబు వెంటనే రాసుకోండి. వాదనకి దిగొద్దు. పోలింగ్ రోజు ఎవరికి ఫోన్ చేసి గుర్తు చేయాలన్నది ఆ జాబితా చూసే తేలుస్తారు. పంజాబీ, తమిళం, తెలుగు ఇళ్లున్న వీధుల్లో వాళ్ల భాషలో రెండు మాటలు మాట్లాడగలిగినవాళ్లని జతగా తీసుకెళ్లండి.

డబ్బు విషయంలో తప్పు జరగకూడదు. అమెరికాలో సూపర్ ప్యాక్‌లకి, అంటే అభ్యర్థులతో సంబంధం లేకుండా విడిగా ప్రచార ఖర్చు పెట్టే సంఘాలకి, కంపెనీలు ఎంతైనా ఇవ్వొచ్చు. కెనడాలో ఫెడరల్ పార్టీలకి కంపెనీలూ యూనియన్లూ పైసా ఇవ్వకూడదు, పౌరులూ పీఆర్ ఉన్నవాళ్లూ సొంత డబ్బే ఇవ్వాలి, 2025లో ఒక పార్టీకి ఏడాదికి పరిమితి 1,750 డాలర్లు. కనుక మన తెలుగు సంఘం పేరు మీద చెక్కు ఇవ్వడం కుదరదు, నలుగురి దగ్గర పోగుచేసి ఒకరి పేరుతో కట్టడం కూడా నేరమే. 400 డాలర్లు ఇస్తే 300 వరకు ఫెడరల్ ట్యాక్స్‌లో తగ్గుతుంది, రసీదు దాచుకోండి.

అద్దె ఇల్లు కదా, అభ్యర్థి ప్రచార బోర్డు పెడితే ఓనరు ఏమంటాడో అని టెన్షన్ పడకండి. ఫెడరల్ ఎన్నిక జరిగే రోజుల్లో, మీరు అద్దెకుంటున్న చోట పోస్టరు పెట్టుకోవద్దని ఓనరు అనడానికి చట్టం ఒప్పుకోదు, సైజు విషయంలో మాత్రం న్యాయమైన షరతులు పెట్టొచ్చు.