జంబోరీ శిబిరంలో మొదటి పూట ఏం కట్టాలి, ఎలా కట్టాలి

వరల్డ్ స్కౌట్ జంబోరీకి, అంటే దేశదేశాల స్కౌట్లు కలిసే పెద్ద శిబిరానికి, వెళ్లిన యూనిట్‌కు దొరికేది గుర్తులు పెట్టిన ఖాళీ స్థలం. యూనిట్ అంటే 36 మంది స్కౌట్లు, నలుగురు లీడర్లు. స్కౌట్లు తొమ్మిదేసి మంది చొప్పున నాలుగు పెట్రోళ్లు, అంటే చిన్న జట్లు. పడక, వంట, భోజనం అన్నీ ఆ స్థలంలోనే. దిగగానే పిల్లల మనసంతా స్థలం ముందు కర్రలతో కట్టే గేటు మీదే ఉంటుంది. గేటు రేపు కట్టుకోవచ్చు, మొదటి పూట నీడకే ఇవ్వండి.

2023 ఆగస్టు 1న దక్షిణ కొరియాలోని సెమాంగమ్‌లో మొదలైన 25వ జంబోరీకి సుమారు 43,000 మంది వచ్చారు. అది సముద్రాన్ని పూడ్చి చేసిన చదును నేల. చెట్టు నీడ లేదు, వాన నీరు పోయే దారీ సరిగా లేదు. వందల మంది ఎండ వేడికి జబ్బుపడ్డారు. ఆపైన తుఫాను వస్తోందని 12 దాకా సాగాల్సిన శిబిరాన్ని 8నే ఖాళీ చేయించారు. నేలను ముందు చూసుకోవడం అంత ముఖ్యం.

గుడారాలు విప్పకముందే స్థలమంతా ఒకసారి నడవండి. బెత్తెడు లోతు పల్లమైనా రాత్రి వానకు మడుగవుతుంది, అక్కడ గుడారం వద్దు. చుట్టూ కాలువ తవ్వుదామంటే చాలా శిబిరాల్లో ఒప్పుకోరు. గుడారం తాడు కట్టే గూటం తల గుడారానికి అవతలి వైపు వాలాలి. ఇటు వాలితే గాలికి ఊడి వస్తుంది. నూలు తాళ్లు తడిస్తే బిగుసుకుంటాయి కాబట్టి పడుకునే ముందు కాస్త వదులు చేయండి. నైలాన్ తడిస్తే సాగుతుంది, దాన్ని మళ్లీ బిగించాలి.

భోజనాల బల్లకు పైన కర్రల చట్రం మీద టార్పాలిన్ వేసి, గాలి ఆడేలా పక్కలు తెరిచి ఉంచండి. నిలువు గుంజకు అడ్డకర్ర కట్టడానికి స్క్వేర్ లాషింగ్ (అడ్డంగా కలిసే రెండు కర్రలను తాడుతో బిగించే కట్టు) చాలు. రెండు కర్రల మందం కలిపి ప్రతి రెండున్నర సెంటీమీటర్లకు సుమారు ఒక మీటరు తాడు కావాలి. 8 సెంటీమీటర్ల కర్రలు రెండైతే సుమారు ఆరున్నర మీటర్లు. నున్నటి నైలాన్ తాడు జారుతుంది, నార తాడు పట్టు ఇస్తుంది.

అడ్డకర్ర ఆనే చోటుకు సరిగ్గా కింద గుంజకు క్లోవ్ హిచ్ (కర్ర చుట్టూ రెండుసార్లు తిప్పి, రెండో చుట్టు కింద కొస దూర్చే ముడి) వేయండి. మిగిలిన చిన్న కొసను పొడవు తాడు చుట్టూ మెలితిప్పండి. ఇప్పుడు తాడును అడ్డకర్ర ముందు నుంచి పైకి, గుంజ వెనక నుంచి, మళ్లీ అడ్డకర్ర ముందు నుంచి కిందికి, గుంజ వెనక్కి తిప్పాలి. ఇలా మూడు చుట్లు. కొత్త చుట్టు అడ్డకర్ర మీద పాతదానికి బయట, గుంజ మీద లోపల పడాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కితే కట్టు కదులుతుంది. తర్వాత రెండు కర్రల నడుమ తాడు దూర్చి, చుట్లనే నొక్కిపట్టేలా రెండు ఫ్రాపింగ్ మలుపులు వేసి, అడ్డకర్రకు క్లోవ్ హిచ్‌తో ముగించండి.

కట్టు వదలిపోయిన చోట చూస్తే చాలాసార్లు ఫ్రాపింగే సడలి ఉంటుంది. చేతి బలం చాలదు. తాడును చిన్న కర్రకు చుట్టి, రెండు చేతులా పట్టుకుని, ఒంటి బరువు వేసి లాగండి. ముడులన్నీ గట్టిగా ఉన్నా చట్రం పక్కలకు ఊగుతుంటే లోపం ముడిలో లేదు. ఏటవాలు కర్ర లేదన్నమాట. మూల నుంచి మూలకు ఒకటి కట్టండి, ఊగడం ఆగిపోతుంది.

దాహం వేసేదాకా ఆగొద్దు. కార్యక్రమానికి బయలుదేరే ముందే అందరి సీసాలు నిండాయో లేదో పెట్రోల్ లీడర్ చూడాలి. మూత్రం ముదురు పసుపైతే నీళ్లు చాలడం లేదు. ఓఆర్‌ఎస్ పొట్లం లేకపోతే లీటరు మంచినీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. చిన్న చెంచాతో, అంచుకు సమంగా కొలవాలి, ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతుంటే మాత్రం అది ఎండదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోస్తూ, విసురుతూ వైద్య సాయం పిలవండి.

బ్యాడ్జీల మార్పిడికి దుప్పటి పరిస్తే చాలు, జనం వాళ్లే వస్తారు. డబ్బుతో కొనడం, అమ్మడం వద్దు. పెద్దవాళ్లు పిల్లలతో మార్చుకోకుండా పెద్దవాళ్లతోనే మార్చుకోవడం మంచిది. యూనిఫాం మీది సొంత బ్యాడ్జీలు, స్కార్ఫ్ ఒక జత విడిగా దాచండి. మొదటి రోజే అన్నీ ఇచ్చేసి ముగింపు సభకు స్కార్ఫ్ లేక బాధపడే పిల్లలు ఉంటారు.

చివరి రోజు లాషింగులు కోయకండి. కట్టిన క్రమానికి ఎదురుగా, చివరి క్లోవ్ హిచ్ నుంచి మొదలుపెట్టి విప్పండి. తడి తాళ్లను సంచిలో కుక్కితే కుళ్లిపోతాయి, ఆరాకే చుట్ట చుట్టండి.