ఎలక్షన్ల సీజన్‌లో ఏరియా తెలుగు గ్రూపులో బతికి బట్టకట్టడం ఎలా

బెంగళూరులో మారతహళ్లి, మున్నేకొళాల, కుందలహళ్లి వైపు ఉండే తెలుగోళ్లందరి ఫోన్లలో కనీసం రెండు వాట్సాప్ గ్రూపులుంటాయి. ఒకటి అపార్ట్‌మెంట్‌ది, ఇంకోటి ఏరియా తెలుగోళ్లది. ఆ రెండోదాంట్లో ఏముండదు చెప్పండి, పీజీ ఖాళీలు, సెకండ్ హ్యాండ్ వాషింగ్ మెషిన్, పులిహోర బాగా చేసే వంటమనిషి నంబర్, కర్నూలుకి పోయే కారులో సీటు, అర్జెంట్‌గా బి నెగటివ్ రక్తం, అన్నీ ఉంటాయి. ఇవన్నీ బాగానే నడుస్తుంటాయి, ఎవడో ఒకడు పొద్దున్నే టీ తాగుతూ ఒక యూట్యూబ్ థంబ్‌నెయిల్ పడేసేదాకా. ఇంక ఆ రోజు గ్రూపు గ్రూపులా ఉండదు, కోళ్ల పందెం బరిలా ఉంటుంది.

నేను ఇలాంటి గ్రూపుల్లో ఏడెనిమిదేళ్లుగా ఉన్నా. ఒకసారి అలిగి బయటికొచ్చా, ఒకసారి తిట్టించుకున్నా, చాలాసార్లు తిట్టా. ఆ అనుభవంతోనే రాస్తున్నా. ఎదుటోడి మనసు మార్చే చిట్కాలు కావాలంటే నా దగ్గర లేవు, గ్రూపులో ఒక మెసేజ్ చదివి పార్టీ మార్చుకున్న మనిషిని నేనింతవరకూ చూళ్లేదు.

చేరిన కొత్తలో ఒక నెల ఏం మాట్లాడకండి. నిజంగానే. ఎవరు దేనికి పనికొస్తారో చూస్కోండి చాలు. ఒకాయన రోజూ జిందాబాద్ స్టిక్కర్లు పెడతాడు, కానీ ఓనర్ డిపాజిట్ ఇవ్వనన్నప్పుడు ఏం చెయ్యాలో ఆయనకి తెలిసినంత లాయర్‌కి కూడా తెలీదు. ఒక అక్క అవతలి పార్టీ తప్ప ఏదీ తప్పు కాదంటుంది, కానీ పిల్లల డాక్టర్ ఎవరు మంచోళ్లంటే రాత్రి పదకొండింటికైనా జవాబిస్తుంది. మీరు ముందే పార్టీ చూసి మనుషుల్ని లెక్కేసుకుంటే ఈ రెండోది కనపడదు. మనోళ్లకి ఇంకో పాడలవాటు ఉంది, కొత్తోళ్లు రాగానే "బ్రదర్ మీదే ఊరు, ఇంటిపేరేంటి" అని అడగడం. ఊరు అడగడం పర్లేదు. ఇంటిపేరు ఎందుకు అడుగుతున్నారో అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు, అందులోంచి కులం, కులంలోంచి పార్టీ, పార్టీలోంచి ఈయనతో ఎలా మాట్లాడాలి అనేది. ఆ లెక్క సగంసార్లు తప్పవుతుంది కూడా. అడక్కండి, ఎవరైనా అడిగితే "బెంగళూరే బ్రదర్, రెంట్ అగ్రిమెంట్ చూపించనా" అనెయ్యండి.

అవసరం ఉన్న మెసేజ్ కింద రాజకీయం అస్సలు పెట్టకండి. ఇది ఎందుకంటున్నానంటే 2024 మార్చిలో నీళ్లకి ఇక్కడ ఎంత తిప్పలు పడ్డామో గుర్తుందిగా, బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల వాళ్లు నోటికొచ్చిన రేటు చెప్తుంటే జిల్లా అధికారులు రేట్లు ఫిక్స్ చేశారు, అయిదు కిలోమీటర్ల లోపలైతే 12 వేల లీటర్ల ట్యాంకర్‌కి 1,000 రూపాయలు అని. ఆ కాగితం ఎవరో గ్రూపులో పెట్టారు, దాని కింద ఇంకొకరు ఆ రేటుకే తోలుతున్న ఒక ట్యాంకరాయన నంబర్ పెట్టారు. బంగారం లాంటి మెసేజ్. అయిదు నిమిషాల్లో ఒకాయన ఇక్కడి గవర్నమెంట్‌ని తిట్టాడు, ఇంకొకాయన మరి మీ గవర్నమెంట్ ఏం పొడిచిందన్నాడు, అక్కణ్నుంచి పోలవరం, కాళేశ్వరం, చివరికి ఎవరి ముత్తాత ఏ చెరువు తవ్వించాడో దాకా పోయింది. నేను మధ్యాహ్నం చూసేసరికి 212 మెసేజులు. బకెట్లన్నీ ఖాళీగా పెట్టుకుని ఆ తిట్లన్నీ పైకి జరుపుకుంటూ ట్యాంకర్ నంబర్ కోసం వెతుక్కున్నా, దొరికేసరికి ఆయన ఆ రోజుకి ట్రిప్పులైపోయాయన్నాడు. (నీళ్లు రాకపోతే జలమండలి వాళ్లకి 1916కి కొట్టండి, ఆ నంబర్ సేవ్ చేసుకోండి, గ్రూపులో వెతుక్కునే పని తప్పుతుంది.)

ఇంక అసలు సంగతి. నేను పెట్టుకున్న రూల్ ఒక్కటే, కలిసి ఒక్కసారైనా టీ తాగని మనిషితో గ్రూపులో రాజకీయం మాట్లాడను. తాగినవాళ్లతో ఎంతైనా మాట్లాడతా, అరుస్తా కూడా. తేడా ఏంటంటే టీ తాగిన మనిషి మెసేజ్ చదివేటప్పుడు ఆయన గొంతు వినపడుతుంది, నవ్వుతూ అన్నాడా కోపంగా అన్నాడా తెలుస్తుంది. తాగనోడిది డీపీ మాత్రమే కనపడుతుంది, ఆ డీపీలో కూడా సగంసార్లు ఆయన కాదు ఆయన లీడర్ ఉంటాడు, మనం ఆ లీడర్‌ని తిట్టినట్టు ఈయన్ని తిట్టేస్తాం.

ఈ రూల్ నాకు ఊరికే రాలేదు. గ్రూపులో గుత్తి అన్న ఒకాయన ఉన్నాడు, నెలకోసారి కారులో ఊరెళ్తాడు, "శుక్రవారం రాత్రి బయల్దేరుతున్నా, రెండు సీట్లున్నాయి, పెట్రోల్ షేర్" అని పెడతాడు. నాది కర్నూలు, ఆయనతో గుత్తి దాకా పోయి అక్కడ బస్సెక్కితే చాలు. ఇప్పుడు రిజల్ట్ రోజులు గుర్తు తెచ్చుకోండి, 2019లో 175లో 151 వైసీపీకి వచ్చాయి, 2024 జూన్ 4న కూటమికి 164 వచ్చి వైసీపీకి 11 మిగిలాయి. 151కి ఎగిరినోళ్లు, 164కి ఎగిరినోళ్లు వేరేవేరే మనుషులు, పెట్టిన స్టిక్కర్లు మాత్రం అవే. ఆ రెండ్రోజుల్లో ఒకరోజు నేనూ ఎగిరా. ఏ ఏడాదో చెప్తే నా పార్టీ దొరికిపోతుంది కాబట్టి చెప్పను. ఆ ఊపులో గుత్తి అన్నని ట్యాగ్ చేసి "అన్నా, కారు మీది జెండా పీకేసి అద్దాలు తుడుచుకోడానికి వాడుకో, మెత్తగా ఉంటుంది" అని కొట్టా. నలభై మంది నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. అన్న ఏమీ అనలేదు. పది నిమిషాలకి నాకే అదోలా అనిపించి డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొట్టా కానీ అప్పటికే చదవాల్సినోళ్లు చదివేశారు, పైగా మెసేజ్ డిలీట్ చేసిన గుర్తు అక్కడే ఉండిపోతుంది, అది ఇంకా పరువు తక్కువ.

ఆ తర్వాత అన్న సీట్లున్నాయని పెట్టిన ప్రతిసారీ చదివేవాణ్ని, అడగడానికి మొహం చెల్లేది కాదు. దసరాకి ప్రైవేట్ బస్సు టికెట్ మామూలు రేటుకి మూడింతలు పెట్టి కొని, కళామందిర్ దగ్గర పికప్ కోసం రాత్రి పదిన్నర దాకా బ్యాగ్ మీద కూర్చున్నా. జోక్ ఖరీదు ఎంతో ఆ రోజు అర్థమైంది.

చివరికి నేనే పర్సనల్‌గా మెసేజ్ పెట్టా. ఇక్కడ ఎలా పెట్టాలో చెప్తా, ఎందుకంటే ఇందులోనే చాలామంది తప్పు చేస్తారు. "సారీ అన్నా, కానీ మీవాళ్లు కూడా అప్పట్లో..." అని మొదలుపెడితే అది సారీ కాదు రెండో రౌండ్. "అన్నా, ఆ రోజు నేను అన్నది బాలేదు. ఈ ఆదివారం బ్రిడ్జి దగ్గర టీకి వస్తారా" అంతే, దాని వెనక ఇంకేం అతికించకండి. ఆయన రెండ్రోజులకి బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టాడు. వచ్చాడు. గంటసేపు కూర్చున్నాం, ఆ జెండా మాట ఇద్దరం ఎత్తలేదు, కారు క్లచ్ ప్లేట్ గురించి, వాళ్ల నాన్న వేసిన వేరుశనగ గురించి మాట్లాడాడు. మాటల్లో మాటగా పంట పోయినప్పుడు ఇన్సూరెన్స్ డబ్బులు ఎవరి టైంలో పడ్డాయో ఎవరి టైంలో పడలేదో చెప్పాడు. ఆయన ఓటు వెనకాల ఉన్నది అది. నేను గ్రూపులో మూడేళ్లు చేసిన వాదనల్లో ఒక్కదానికీ ఆ వేరుశనగతో సంబంధం లేదు.

2024 మే 13న, సోమవారం, ఏపీలో పోలింగ్‌కి ఇద్దరం ఒకే కారులో పోయాం (అది ఆ గొడవకి ముందో తర్వాతో కూడా చెప్పను). బాగేపల్లి దగ్గర టోల్ నేను కట్టా, టిఫిన్ ఆయన పెట్టించాడు. వెళ్లి ఎవరి ఓటు వాళ్లు వేసొచ్చాం, రెండూ ఒకదానికొకటి చెల్లు, మిగిలింది పెట్రోల్ ఖర్చు.

ఇంకొన్ని విడివిడిగా.

యాస మీద జోకులొద్దు. పార్టీని తిడితే మనిషి సాయంత్రానికి మర్చిపోతాడు, "మీ సీమోళ్లు ఇంతే", "గట్లనా" అని వెక్కిరిస్తే పదేళ్లు గుర్తుంటుంది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పటి మాటలు ఇప్పటికీ తలుచుకునేవాళ్లున్నారు మా గ్రూపులో.

సినిమా టాపిక్ సేఫ్ అనుకుని దూరకండి. మనకి హీరోలూ లీడర్లూ ఒకటే, పవన్ కల్యాణ్ డిప్యూటీ సీఎం, ఇక్కడికి వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న హిందూపురం ఎమ్మెల్యే బాలకృష్ణ. ట్రైలర్ బాలేదంటే మేనిఫెస్టో బాలేదన్నట్టే తీసుకుంటారు. నా లెక్కలో నిజంగా సేఫ్ టాపిక్స్ రెండే, ఆవకాయ, ట్రాఫిక్. ఆవకాయలో కూడా వెల్లుల్లి జోలికి పోవద్దు.

ఫార్వర్డ్ వస్తే ముందు పైన రెండు బాణాల గుర్తుందా చూడండి. ఉంటే అది అప్పటికే చాలా చేతులు మారిందని. 2020 నుంచి అలాంటిదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తుంది వాట్సాప్, అంటే మన గ్రూపుకి పంపినాయన పనిగట్టుకుని మన గ్రూపునే ఎంచుకున్నాడన్నమాట. అది ఫేక్ అని మీకు తెలిస్తే గ్రూపులో పరువు తియ్యకుండా ఆయనకి విడిగా చెప్పండి, "అన్నా ఈ ఫోటో పాతదంట, చూడండి" అని. నలుగురిలో చెప్తే ఫేక్ అని ఒప్పుకోడు సరికదా ఇంకో మూడు వేస్తాడు.

అపార్ట్‌మెంట్ గ్రూపులో కన్నడవాళ్లు ఉంటారు కాబట్టి అక్కడ ఇంకాస్త ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు కర్నూలోళ్లం కంగారుపడ్డాం, సహజం, కానీ నేను చేసిన మంచి పని ఏంటంటే తప్పెవరిది అని కాకుండా "హోసపేటెలో మీవాళ్లెవరైనా ఉన్నారా, నీళ్లు ఎంత వదిలారు" అని అడిగా. పక్క ఫ్లాట్ అంకుల్ వాళ్ల తమ్ముడికి ఫోన్ చేసి మరీ చెప్పాడు. ఆ గ్రూపులో నాలుగు కన్నడ ముక్కలు రాయడం కూడా నేర్చుకోండి, "నీరు బంతా" అంటే చాలు, స్పెల్లింగ్ తప్పున్నా ఎవరూ ఏమనరు.

మీరే అడ్మిన్ అయితే పాపం మీకు నా సానుభూతి. ఎవడో ఏదో పెడితే పోలీసులు మిమ్మల్ని పట్టుకుపోతారని భయపెడతారు, మరీ అంత లేదు, సభ్యుడు పెట్టినదానికి అడ్మిన్‌ని ఊరికే బాధ్యుణ్ని చెయ్యలేరని 2021లో బాంబే హైకోర్టు, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. అయినా పని మాత్రం మీదే. అడ్మిన్ ఎవరి మెసేజ్ అయినా తీసెయ్యొచ్చు, అయితే తీస్తే రెండు పార్టీలవీ తియ్యండి, మీ పార్టీవాడిది ముందు తియ్యండి, అప్పుడు రెండోవాడు నోరెత్తడు. మా అడ్మిన్ అక్క కౌంటింగ్ రోజు పొద్దున ఆరింటికే అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ మార్చేస్తుంది, మర్నాడు మధ్యాహ్నం తెరుస్తుంది. మధ్యలో రక్తం, హాస్పిటల్ లాంటివి ఉంటే అక్కకి పంపితే ఆమే పెడుతుంది. రాజకీయాలకి విడిగా ఒక గ్రూపు కూడా తెరిచింది, అందులో పదమూడు మంది ఉన్నారు, పదమూడు మందికీ నిద్ర లేదు.

కోపం తన్నుకొస్తే టైప్ చెయ్యండి, కానీ మీకు మీరే పంపుకునే చాట్ ఉంటుంది కదా అందులో. నా దాంట్లో అలాంటివి ఓ యాభై ఉన్నాయి, కొన్ని నిజంగా బాగున్నాయి, పంపలేదని ఇప్పటికీ బాధే. మ్యూట్‌లో ఎనిమిది గంటలు, వారం, ఎప్పటికీ అని మూడుంటాయి, వారం పెట్టుకోండి, ఎనిమిది గంటలకి ఎవరూ చల్లారరు.

ఇంక ఎగ్జిట్ అవ్వాలనిపిస్తే, "ఇలాంటి గ్రూపులో ఉండలేను" అని స్పీచ్ ఇచ్చి పోకండి. 2022 నుంచి ఎవరైనా బయటికెళ్తే అడ్మిన్లకే నోటిఫికేషన్ వస్తుంది, అయితే పోయినోళ్ల లిస్టులో పేరు 60 రోజులు కనపడుతుంది, చూసేవాళ్లు చూస్తారు. పైగా తిరిగి రావాల్సి ఉంటుంది, రాసిపెట్టుకోండి. రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తున్నారు కాబట్టి సంక్రాంతికి వెయిటింగ్ లిస్టులు నవంబర్ మధ్యలోనే మొదలవుతాయి, సరిగ్గా అప్పుడే "అక్కా, మళ్లీ యాడ్ చెయ్యవా, ఊరికి కార్లేమైనా పోతున్నాయా" అని ఒక్కొక్కరూ వస్తారు. మా అడ్మిన్ అక్క అడిగినోళ్లందర్నీ చేర్చుకుంటుంది, కాకపోతే వాళ్ల పేర్లు తన ఫోన్‌లో "పండగ అల్లుడు 1", "పండగ అల్లుడు 2" అని సేవ్ చేసుకుంది. నేను 4.