పాత ఫొటో తీసిన చోటే నిలబడి మళ్లీ తీయడం ఎలా: గుల్జార్ హౌజ్ నుంచి చార్మినార్

ఊరు ఎంత మారిందో, ఏం మిగిలిందో చూపించాలంటే పాత ఫొటో ఒకటి తీసుకుని, అది తీసిన చోటే నిలబడి మళ్లీ తీయాలి. అభ్యాసానికి హైదరాబాద్ పాతబస్తీలో, చార్మినార్‌కి ఉత్తరాన ఫౌంటెన్ ఉన్న కూడలి గుల్జార్ హౌజ్ చాలా అనువైన చోటు. అక్కడ దక్షిణం వైపు తిరిగితే ముందు చార్మినార్ కమాన్ అనే పెద్ద తోరణ ద్వారం, దాని వెనక 1591 నాటి చార్మినార్ కనిపిస్తాయి. దగ్గరగా ఒక పాత కట్టడం, దూరంగా ఇంకో పాత కట్టడం ఉంటే చాలు, మిగతాదంతా మారిపోయినా పని జరుగుతుంది.

ముందు పాత ఫొటోని తీరిగ్గా చదవండి. చార్మినార్‌కి నాలుగు వైపులా గడియారాలు పెట్టింది 1889లో. గడియారం ఉండాల్సిన చోట లేకపోతే ఫొటో అంతకంటే పాతదే. ఉండి, ముళ్లు కనిపిస్తుంటే తీసిన వేళ కూడా తెలిసిపోతుంది. అయితే గడియారం ఆగిపోయి ఉండొచ్చు కాబట్టి నీడలతో సరిచూసుకోండి. ఉత్తరం వైపు చూస్తున్న ఫొటోలో పత్తర్‌గట్టి రాతి కమాన్ల దుకాణాల వరస ఉంటే అది 1908 మూసీ వరద తర్వాతిది. ఇంకో చిక్కు ఉంది. గాజు నెగెటివ్‌ని తిరగేసి ప్రింటు వేస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. చార్మినార్ అన్ని వైపులా ఒకేలా ఉంటుంది కనుక దాన్ని చూసి ఇది పట్టుకోలేం. బోర్డుల మీది ఉర్దూ అక్షరాలు, గడియారం అంకెలు చూడండి.

వీధి ఖాళీగా కనిపించిందని జనం లేరనుకోవద్దు. పాతకాలపు కెమెరాల్లో వాడే గాజు పలకలకి సెకన్ల తరబడి వెలుగు తగలాల్సి వచ్చేది, నడిచేవాళ్లు అందులో పొగలా చెదిరిపోయేవారు. 1880ల నుంచి డ్రై ప్లేట్లు, అంటే త్వరగా వెలుగు పట్టే పొడి గాజు పలకలు వాడుకలోకి వచ్చాక మనుషులు నిలకడగా పడటం మొదలైంది. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ (1844–1905) పని ఈ కాలానిదే. ఆయన గాజు నెగెటివ్‌లు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో పెద్దసంఖ్యలో ఉన్నాయి.

ఇక నిలబడాల్సిన చోటు. దీన్ని అందాజాగా పట్టుకోలేం, కొలవాలి. పాత ఫొటో ప్రింటు చేతిలో ఉంచుకుని మూడు సంగతులు వరసగా సరిచేసుకోండి.

మొదటిది కుడి ఎడమలు. పాత ఫొటోలో మీనారు కమాన్ కుడి అంచుకి ఆనుకుని ఉందనుకుందాం. మీకు అది అంచు దాటి కుడికి జరిగి కనిపిస్తే మీరు ఎక్కువ కుడికి వచ్చినట్టు, ఎడమకి జరగండి.

రెండోది ముందు వెనకలు. పాత ప్రింటు మీద కమాన్ వెడల్పుని, రెండు మీనార్ల మధ్య దూరాన్ని స్కేలుతో కొలిచి భాగించండి. 60 మిల్లీమీటర్లు, 30 మిల్లీమీటర్లు వస్తే నిష్పత్తి 2. మీ తెర మీద 2.3 వస్తే కమాన్‌కి మరీ దగ్గరగా ఉన్నారు, వెనక్కి రండి. 2 కంటే తగ్గితే ముందుకి నడవండి. జూమ్ చేస్తే రెండూ ఒకే లెక్కన పెరుగుతాయి కాబట్టి నిష్పత్తి మారదు. ఎక్కువమంది తప్పుదోవ పట్టేది ఇక్కడే: చోటు సరిపోనప్పుడు జూమ్‌తో సరిపెట్టాలని చూస్తారు.

మూడోది ఎత్తు. కమాన్ పైభాగం చార్మినార్‌ని పాత ఫొటోలో కంటే ఎక్కువ కప్పేస్తుంటే మీ కెమెరా కిందకి ఉంది. అప్పట్లో ఏ మేడ మీంచో తీసి ఉంటారు. ఆ పక్క దుకాణదారుని అడిగి పైకి వెళ్లడమే మార్గం. ఎత్తు మారాక మొదటి రెండూ మళ్లీ చూసుకోండి.

ఫొటో తీసేటప్పుడు ఫోన్‌ని పైకి వంచకండి. వంచితే మీనార్లు ఒకదాని మీదకి ఒకటి వాలినట్టు వస్తాయి. పాత కెమెరాల్లో లెన్సుని మాత్రమే పైకి జరిపే వీలుండేది, అందుకే వాటిలో గీతలు నిటారుగా ఉంటాయి. ఫోన్‌ని నిలువుగా, తిన్నగా పట్టుకుని, కింద అదనంగా పడిన రోడ్డుని తర్వాత కత్తిరించుకోండి.

ఎండ సంగతి చాలామంది పట్టించుకోరు. గుల్జార్ హౌజ్ వైపున్నది చార్మినార్ ఉత్తరముఖం. డిసెంబర్‌లో అది పగలంతా నీడలోనే ఉంటుంది. పాత ఫొటోలో దాని మీద ఎండ పడుతుంటే అది మార్చి ఆఖరు నుంచి సెప్టెంబర్ లోపు తీసిందే. మే, జూన్ నెలల్లో పొద్దున ఏడింటికి వెళ్తే ఏటవాలు వెలుగు దొరుకుతుంది.

అయితే ఆ వేళకి దుకాణాల షట్టర్లు మూసే ఉంటాయి. కట్టడాల కోసం పొద్దున, మనుషుల కోసం సాయంత్రం, అదే చోట నిలబడి రెండుసార్లు తీయాలి. సాయంత్రం ఫొటోలో వెనక భాగాన్ని మసకబార్చే పోర్ట్రెయిట్ మోడ్ వాడకండి. కెమెరా అయితే లెన్సు రంధ్రం (అపర్చర్) ఎఫ్/8 పెట్టండి, దగ్గరవీ దూరానవీ స్పష్టంగా వస్తాయి. తోపుడు బండి వెనక గోడ మీది పోస్టరు, ధర రాసిన అట్టముక్క, కరెంటు తీగలు, ఇవన్నీ చదవగలిగేంత స్పష్టంగా పడాలి. యాభై ఏళ్ల తర్వాత చూసేవాళ్లు వెతికేది వాటినే.

లాడ్ బజార్‌లో గాజులు అమ్మే చోట ఇంకో ఇబ్బంది వస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కావడంతో ట్యూబ్‌లైట్లు, కొన్ని ఎల్‌ఈడీలు సెకనుకి వందసార్లు మినుకుమంటాయి. షట్టర్ స్పీడు 1/500 పెడితే ఫొటోలో నల్ల చారలు రావచ్చు. 1/100 లేదా 1/50 పెట్టండి. వేడి లక్క మీద రాళ్లు అద్దే చేతులు ఆ వేగంలో కొద్దిగా చెదురుతాయి, రాయి అద్ది వేళ్లు ఆగిన క్షణంలో నొక్కండి. రాళ్లు మరీ తెల్లగా కాలిపోకుండా వెలుగు ఒక మెట్టు తగ్గించండి. ముందుగా “భాయ్, ఒక ఫొటో తీసుకోవచ్చా?” అని అడగండి. ఆడవాళ్లనీ, పిల్లల్నీ అడగకుండా తీయకండి. వద్దంటే కెమెరా దించేయండి.

ఇంటికి రాగానే తేదీ, వేళ, ఎక్కడ నిలబడ్డారు, ఏ దిక్కుకి చూస్తున్నారు, ఏ కట్టడం నుంచి ఎన్ని అడుగులు అన్నవి రాసి పెట్టండి. పాత ప్రింటుని 600 డీపీఐలో స్కాన్ చేసి, వెనకవైపు రాతలుంటే అదీ చేయండి. అద్దానికి అతుక్కుపోయిన ఫొటోని పీకకండి, పై పొర ఊడొస్తుంది. అద్దంతోనే స్కాన్ చేయండి. అసలు ఫైలుని రెండు వేర్వేరు డ్రైవుల్లో, ఒకటి వేరే ఇంట్లో ఉంచండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో చిక్కిపోయి, తీసిన చోటు వివరాలు కూడా పోతాయి, కాబట్టి డాక్యుమెంటుగా పంపండి.