నలభై దాటాక నడక ఒక్కటే సరిపోదు

నలభై దాటాక ఒంటి మీద శ్రద్ధ పుట్టగానే అందరం ముందు మొదలుపెట్టేది నడకే. మంచిదే, మానకండి. కానీ కండ పని చెప్పకుండా వదిలేస్తే ముప్ఫై దాటినప్పటి నుంచే పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం చొప్పున తరిగిపోతుంది, అరవై తర్వాత ఇంకా వేగంగా. రోజూ గంట నడిచినా ఆ పోయిన కండ తిరిగి రాదు. పైగా కాటా మీద పదేళ్లుగా అదే అంకె కనిపిస్తుంటే బాగానే ఉన్నామనుకుంటాం, లోపల కండ తగ్గి ఆ చోటు కొవ్వు ఆక్రమించిన సంగతి కాటా చెప్పదు.

అందుకే నేను పట్టుబట్టి చెప్పేది ఇది: వారంలో రెండు రోజులు బరువులు, మూడు రోజులు కార్డియో, అంటే నడక, పరుగు లాంటి గుండె వేగం పెంచే వ్యాయామం. పని ఎక్కువై ఏదో ఒకటి వదిలేయక తప్పని వారంలో కార్డియో ఒక రోజు వదిలేయండి, బరువుల రోజు మాత్రం వదలొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామంతో పాటు కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పమని ఉంది. ఈ రెండో ముక్కనే ఎవరూ పట్టించుకోరు.

బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నా, మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టు అనిపిస్తున్నా ముందు డాక్టర్‌ని కలవండి, ఆ తర్వాతే మిగతావన్నీ.

బరువులంటే మొదటి రోజే జిమ్‌కి పరిగెత్తక్కర్లేదు, ఒక కుర్చీ చాలు. అంచున కూర్చుని, పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, చేతులు ఛాతీ మీద కట్టుకుని లేవండి. లేవడం కంటే కూర్చోవడం ముఖ్యం: ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ దిగాలి. చాలామంది ఆఖరి రెండు అంగుళాల దగ్గర పట్టు వదిలేసి కుర్చీలో కూలబడతారు, తొడల్లో బలం ఎంత తగ్గిందో సరిగ్గా అక్కడే బయటపడుతుంది. ఆ రెండు అంగుళాలు మీ చేతిలోకి వచ్చి, పదేసి సార్లు మూడు సెట్లు సులువుగా అవుతున్నాక ఒక డంబెల్ గుండెలకు ఆనించి పట్టుకుని అదే చేయండి.

దీనికి ఇంకో నాలుగు కలిపితే ఒళ్లంతా వచ్చేసినట్టే. గోడకు ఆనుకుని పుషప్స్, అవి తేలికయ్యాక బల్ల మీద, ఆపైన నేల మీద. వీపు తిన్నగా ఉంచి తుంటి దగ్గర వంగి బరువు లేపడం, అంటే డెడ్‌లిఫ్ట్. డంబెల్‌తోనో రెసిస్టెన్స్ బ్యాండ్ అనే సాగే రబ్బరు పట్టీతోనో రోయింగ్, అంటే తెడ్డు వేసినట్టు పొట్ట వైపు లాగడం. చివరగా రెండు చేతుల్లో బరువులు పట్టుకుని నిటారుగా నడవడం.

ఎంత బరువు ఎత్తాలంటే, సెట్ ఆపేసరికి ఇంకో రెండుసార్లు చేయగలను అనిపించేంత. సెట్‌కి 8 సార్లతో మొదలుపెట్టండి, అన్ని సెట్లలోనూ 12 సార్ల దాకా వచ్చాక దొరికిన వాటిలో అతి చిన్న బరువు కలిపి మళ్లీ 8 దగ్గరకు రండి. ఇక్కడ తొందరపడొద్దు, ఎందుకంటే కండ త్వరగా బలపడుతుంది గానీ దాన్ని ఎముకకు కలిపే స్నాయువులకు చాలా ఎక్కువ కాలం పడుతుంది, మోచెయ్యి, భుజం, మోకాలు పట్టేసేది చాలాసార్లు ఆ తేడా వల్లే. ఊపిరి బిగపట్టకండి, బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది. ఎత్తేటప్పుడు వదలండి, దించేటప్పుడు తీసుకోండి.

ఇక కార్డియో. పొద్దున లేవగానే, మంచం దిగకముందే, బొటనవేలి కింద మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి 30 సెకన్లు పల్స్ లెక్కపెట్టి రెండుతో హెచ్చించండి, మూడు నాలుగు రోజుల సగటు తీసుకోండి. తర్వాత మీ వయసును 0.7తో హెచ్చించి 208 లోంచి తీసేస్తే గుండె గరిష్ఠ వేగం దాదాపుగా తెలుస్తుంది. 48 ఏళ్ల మనిషికి 174. ఆయన పొద్దుటి పల్స్ 68 అయితే రెండింటి మధ్య తేడా 106, అందులో 40 నుంచి 60 శాతం తీసి 68కి కలిపితే 110 నుంచి 132. మూడు రోజుల కార్డియో ఈ హద్దుల్లోనే, 40 నిమిషాల నుంచి గంట దాకా.

ఇది అనుకున్నదానికంటే చాలా నెమ్మది. నేను మొదలుపెట్టినప్పుడు చిన్న ఎత్తు వచ్చినా పల్స్ 140 దాటేసేది, పరుగు ఆపి నడవాల్సి వచ్చేది, ఇదేం వ్యాయామం అనిపించేది. రెండు నెలలు ఓపిక పట్టాక పల్స్ 130 దగ్గరే ఉంచి అదే ఎత్తు పరిగెత్తుతూ ఎక్కగలిగాను. రోజూ ఆయాసపడేలా చేస్తే వారం తిరిగేసరికి బరువుల రోజుకు ఓపిక మిగలదు.

అయితే ఈ లెక్క సగటు మనిషిది, మీకు పది అటూ ఇటూ ఉండొచ్చు. బీపీకి బీటా బ్లాకర్ వేసుకునేవాళ్లకు అసలు పనికిరాదు, ఆ మందు గుండె వేగాన్నే తగ్గించి ఉంచుతుంది. అప్పుడు మాటే కొలత: పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి, పాట పాడబోతే మాత్రం ఊపిరి అందకూడదు. చేతి వాచీలు నడకలో బాగానే చూపిస్తాయి, డంబెల్ బిగించి పట్టుకుంటే తడబడతాయి. ఛాతీకి కట్టుకునే బెల్టు నయం.

రెండు మూడు నెలలయ్యాక మూడింటిలో ఒక రోజును గట్టి రోజు చేయొచ్చు: పది నిమిషాలు వార్మప్, నాలుగు నిమిషాలు మాట పెగలనంత వేగం, మూడు నిమిషాలు నెమ్మది. మొదట రెండుసార్లు, మెల్లగా నాలుగుకు పెంచండి. మధ్యలో ఛాతీలో బరువుగా అనిపించినా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, కళ్లు తిరిగినా వెంటనే ఆపేసి ఆసుపత్రికి వెళ్లాలి.

తిండిలో ఒంటి బరువు కిలోకి 1.2 నుంచి 1.6 గ్రాముల ప్రోటీన్ చూసుకోండి, కిడ్నీ సమస్య ఉంటే డాక్టర్ చెప్పినంతే. పొద్దుటి పల్స్ మామూలు కంటే ఏడెనిమిది ఎక్కువ చూపిస్తే నిద్ర చాలకపోయి ఉండొచ్చు, జ్వరం రాబోతుండొచ్చు, ఆ రోజు ఊరికే నడిచి వదిలేయండి. జబ్బు చేసో ప్రయాణాల వల్లో రెండు మూడు వారాలు గ్యాప్ వస్తే ఆపిన చోట మొదలుపెట్టొద్దు, సగం బరువుతో ఒక వారం చేసి అప్పుడు పెంచండి.