పండగ ముందు డిశ్చార్జిలు: ఫార్మ్‌డీ (ఫార్మసీ డాక్టర్ కోర్సు) చదివే పిల్లలకి జాగ్రత్తలు

సంక్రాంతికి వారం ముందు నుంచే వార్డుల్లో ఒకటే గోల, భోగికి ఇంట్లో ఉండాలి పంపించేయండి అని. మన వైజాగ్‌కి శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు నుంచి వచ్చినోళ్ళు బోలెడుమంది కదా, డిశ్చార్జి కాగితం చేతిలో పడ్డం ఆలస్యం ఆర్టీసీ కాంప్లెక్స్‌కి ఆటో ఎక్కేస్తారు. మందుల్లో తప్పు మీరేం పట్టుకున్నా ఆ ఆటో ఎక్కేలోపే.

ముందు ఇంట్లో ఉన్న పాత మందుల సంగతి తేల్చండి. ఏం వాడుతున్నారు అని అడిగితే "షుగరు బిళ్ళ, బీపీ బిళ్ళ" అంటారు, అక్కడితో అయిపోయింది. అలా కాదు, ఆ కవరు తెప్పించి మంచం మీద కుమ్మరించమనండి. ఒక పెద్దావిడ కవర్లో అమరిల్ స్ట్రిప్పు ఉంది, కత్తిరించేసి సగం పేరే కనిపిస్తోంది, కొత్త చీటీలో ఏమో గ్లైకోమెట్ జీపీ. రెండిట్లోనూ షుగరు తగ్గించే గ్లిమెపిరైడ్ మందే! పేరు వేరు కాబట్టి మందూ వేరే అనుకుంటుంది ఆవిడ, రెండూ వేసేసుకుని పండగ పూట పూజ అయ్యేదాకా ఏం తినకుండా కూర్చుంటే షుగరు ఎక్కడికి పడిపోద్దో చూస్కోండి. మీ అంతట మీరు ఆపెయ్యకండి, డాక్టర్‌కి చూపించండి, ఆయన ఆపమన్నాక పాత స్ట్రిప్పు మీద పెన్నుతో అడ్డంగా గీసెయ్యండి (పారెయ్యమంటే పారెయ్యరు, డబ్బులు పెట్టి కొన్నారు మరి).

ఇన్సులిన్ అయితే ఇంకా జాగ్రత్త. 40 సీసాకి (మిల్లీలీటరులో 40 యూనిట్లున్నది) ఎర్రమూత సిరంజి, 100 సీసాకి (మిల్లీలీటరులో 100 యూనిట్లున్నది) నారింజ మూతది. 100 మందుని ఎర్రమూత సిరంజితో 20 గీత దాకా లాగితే లోపలికి వెళ్ళేది 50 యూనిట్లు. ఊళ్ళో షాపులో ఉన్నదేదో ఇచ్చేస్తారు, అందుకే సిరంజి కవరు దాచుకుని అది చూపించి కొనమనండి.

మెథోట్రెక్సేట్ కీళ్ళవాతానికి రాస్తే వారానికి ఒక్కరోజే. చీటీ మీద తెలుగులో "ఆదివారం మాత్రమే" అని రాయండి. రోజూ మింగితే నోరంతా పుళ్ళు, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదకే వస్తుంది.

చివర్లో అర్థమైందా అని మాత్రం అడక్కండి, ఎవరైనా ఆఁ అనే అంటారు. "రేపు పొద్దున్న ఏది వేసుకుంటావమ్మా, తీసి చూపించు" అనండి, ఇంట్లో మందులిచ్చేది కోడలైతే కోడల్నీ పిలవండి. "బస్సు ఎల్లిపోద్ది బాబూ" అంటారు, అననివ్వండి, కూర్చోబెట్టండి. చీటీ వెనకాల వార్డు ఫోన్ నంబరు రాసిచ్చి, కనుమ మర్నాడు మీరే ఒక ఫోన్ కొట్టండి.